రేడియో మీట ముట్టనని ఒట్టు

గురువారం, ఉదయం 6
ఈ వారం కంగారు పడను. రాసి సంతకం పెట్టాను. రేసు కారు నడిపే మనవరాలు టాన్సీ నిన్న ముఖం మీదే చెప్పింది: "నానమ్మా, ఇంకోసారి రేసు మధ్యలో మీట నొక్కి నా రేడియోలో మాట్లాడావంటే ఇంట్లో టీవీ ముందే నీ కుర్చీ. పిట్‌లోకి రానివ్వను."
పదకొండేళ్ళుగా, కార్లు టైర్లకి ఆగే ఆ పిట్ గోడ పక్కనే నా మడత కుర్చీ. అది పోతే నేనేమైపోవాలి? మీట ముట్టను!

శుక్రవారం, 2.15
ప్రాక్టీసు. రెండో మలుపులో కారు వెనక భాగం జారింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ముట్టలేదు! నేనింత గట్టిదాన్నా!

శనివారం, 10
ఎవరో కారు పక్కన వేరుశనగ తొక్కలు పోశారు. రేసుకి అంతకంటే అరిష్టం ఉందా? మూడుసార్లు ఊడ్చాను. ఇది కంగారు కాదు, శుభ్రం.

1.40
రేసు మొదలు. టాన్సీ మూడో స్థానం. రేడియో జేబులో వేసుకున్నాను. జేబులో ఉంటే ముట్టినట్టు కాదు.

3.05
ముట్టాను. ఒక్క మాటే. "తల్లీ, నీళ్ళు తాగు." అది నీళ్ళ సంగతి, రేసు సంగతి కాదు.

ఆదివారం
రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న నీళ్ళ మాటయ్యాక రేడియో మళ్ళీ జేబులో వేస్తే మీట నొక్కుకుపోయింది. అది వదిలేదాకా ఇంకెవరి మాటా వెళ్ళదు. పంతొమ్మిది చుట్లు నేను గొణుక్కున్నదీ, ప్రార్థించినదీ అంతా అందులోనే వెళ్ళింది! పసుపు జెండా పడి కార్లన్నీ నెమ్మదించగానే అందరూ టైర్లు మార్చుకున్నారు. జనం కూర్చునే స్టాండ్ కప్పు మీద నుంచి టాన్సీకి దారి చెప్పే మా అబ్బాయి డెల్మర్ పిట్‌కి రమ్మని పిలుస్తూనే ఉన్నాడట. పిలుపు అందక పిల్ల పాత టైర్లతోనే తిరిగింది. తొమ్మిదో స్థానం.
డెల్మర్ దిగి వచ్చాడు. "అమ్మా! నా పెళ్ళాం వండే చిక్కుడుగింజలు నీకెందుకు నచ్చవో స్టాండ్‌లో చెవికి రేడియో పెట్టుకున్నవాళ్ళందరూ విన్నారు!"
టాన్సీ హెల్మెట్ తీసింది. నా కుర్చీ మడిచి నా చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది.

సోమవారం, 9
టాన్సీ వచ్చింది. గుమ్మంలోనే అడిగింది. "నానమ్మా, నీ ప్రార్థనలో నా తర్వాత ఆ నలభై ఒకటో నంబరు కారువాడెందుకు? పోయిన నెల నన్ను గోడకేసి నెట్టింది వాడే!"
"వాడికీ అమ్మ ఉంటుంది కదే."
నవ్వేసింది. నా రేడియోకి మీట పీకేసింది. "విను. మాట్లాడకు. కుర్చీ తెచ్చుకో."
బతికాను!
వచ్చే శనివారం కోల్ ఫోర్క్ ట్రాక్. చిన్నది. టైర్లు తొందరగా అరిగిపోతాయి. నాలుగో మలుపులో గోడ మరీ దగ్గర. నలభై ఒకటి వాడు లోపలి నుంచి దూరతాడు.
ఈ వారం కంగారు పడను. మళ్ళీ సంతకం పెట్టాను. అక్కడ పిట్ గోడ నడుమెత్తే. టైర్లకి కారు ఆగినప్పుడు వంగి అరిస్తే పిల్లకి వినిపిస్తుందో లేదో, డెల్మర్‌ని కనుక్కోవాలి.