ఆదివారం చుట్టం

పుల్లమ్మకు,

ఇక్కడ నేను, రెండు మేకలు, గుడ్లు పొదుగుతున్న ఎర్రకోడి బాగున్నం. అక్కడ కల్లూరుల నువ్వు, వనజ, అల్లుడు, పురిటి పిల్లగాడు బాగున్నరని తలుస్తున్న. నువ్వు చెప్పంగ వనజ రాసిన జాబు పోస్టు లచ్చిరాం తెచ్చిచ్చిండు. రెండుసార్లు చదువుకున్న. పిల్లగాని ముక్కు నా ముక్కు లెక్క ఉన్నదని రాయించినవ్. పాపం, పెద్దగయితే సర్దుకుంటదేమో చూద్దాం.

నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తున్న. ఇంటి వెనకదిక్కు పెంకులు సర్దిన, ఇప్పుడు కురుస్తలేదు. దగ్గు తగ్గింది. దవాఖానల ఇచ్చిన ఎర్రమందు తాగుతున్న, నమ్మకపోతే లచ్చిరాంను అడుగు. ఏం వండుకుంటున్నవ్ అన్నవ్. పప్పు. రాత్రికేంది అంటవ్. పప్పే. అటక మీది కుండల మామిడి తాండ్రకు చీమలు పట్టకుండ చూడుమన్నవ్. చీమలు పట్టలే.

ఆఖరుకు ఒక మాట అడిగినవ్. వానలకు విస్తర్లు కుట్టుడు బందయింది గద, మరి ఆదివారం ఆదివారం భద్రాచలం అంగడికి ఏం మోస్తున్నవ్ అని. నీకు గీ సంగతి ఎవరు చెప్పిండ్రో నాకు తెల్వదు. దానికి జవాబు పెద్దది. నోటితోని చెప్పాల్నంటే నాకు రాదు, నీకు తెలుసు. వనజా, ఇక్కణ్నించి పిల్లగాడు పండుకున్నంక చదువు బిడ్డా. మెల్లగ చదువు. మీ అమ్మ మధ్యల లేచిపోతే కూసోబెట్టి చదువు.

భద్రాచలం ఊరి చివర పిల్లల ఇల్లు ఒకటి ఉన్నది. అమ్మానాయనలు లేని పిల్లలు, ఉన్నా సాకలేక విడిచిపెట్టిన పిల్లలు అందుల ఉంటరు. ఎవరన్న ఆలుమొగలు వచ్చి సొంతబిడ్డగ తీస్కపోయేదాక అదే వాళ్ల ఇల్లు. అక్కడ వార్డెన్ ఆరోగ్యమ్మ. పోయిన ఎండాకాలం నా దగ్గర విస్తర్లు కొంటే మోసి ఇచ్చొద్దామని పోయిన. ఆ రోజు ఆదివారం. కొందరు పిల్లలకు చుట్టాలొచ్చి బిస్కెట్లు తినిపిస్తున్నరు. కొందరు గోడకు ఆనుకొని చూస్తున్నరు.

"గా గోడకాడి పిల్లలకు మేమే చుట్టాలను చూస్తున్నం పెద్దాయనా," అన్నది ఆరోగ్యమ్మ. "ఊళ్లోవాళ్లు ఆదివారం వచ్చి ఒక్కొక్కరు ఒక్క బిడ్డను బయట తిప్పి, నాలుగు గంటల బెల్లుకు తెచ్చి దింపుతరు. నువ్వు కూడ రారాదు?"

"నాకు మాట్లాడ రాదమ్మా," అన్న.

"మాట్లాడనిది ఒకతి ఉన్నది. మీ ఇద్దరికి మంచిగ కుదురుతది," అని నవ్వింది.

గట్ల సమ్మక్క నా వేలు పట్టుకున్నది. సమ్మి అని పిలుస్తరు. ఏడేండ్లు ఉంటయి, మన అడవి దిక్కు పిల్లనే. మొదటిరోజు గోదారి ఒడ్డున కూసున్నం. నేను మాట్లాడలే, అది మాట్లాడలే. అడ్డాకులు, ఈనెపుల్లలు ముందర పెడితే నా చెయ్యి చూసి కుట్టింది. వంకర విస్తరి. నేను అందులనే సద్ది తిన్న. పప్పు కారి నా ధోతి మీద పడ్డది. అప్పుడు నవ్వింది. ఆ తర్వాత నాకంటే ఎక్కువనే మాట్లాడింది.

వానలు పడ్డంక కుసుమంచి నుంచి రామకృష్ణ, పుష్పలత అని ఆలుమొగలు వచ్చిండ్రు. ఆయన సైకిళ్లు రిపేరు చేస్తడు, ఆమె జాకెట్లు కుడతది. సమ్మి కావాల్నన్నరు. కోర్టు రాసిచ్చేదాక కొన్ని నెలలు బిడ్డ వాళ్లింట్ల ఉండాలె, కుదరకపోతే తిరిగి తేవొచ్చునంట. సమ్మిని ఇదివరకు ఒకళ్లు గట్లనే తీస్కపోయి, కుదరలేదని తెచ్చి దింపిండ్రు. ఈసారి కూడ తెస్తే ఇంక అడిగెటోళ్లు రారని ఆరోగ్యమ్మ భయం. పెద్దగయ్యే పిల్లలను ఎవరు అడుగుతరు?

సమ్మి పోయినంక కూడ నేను ఆదివారం పోయిన. గోడ కాడ చూద్దామని. లేదు. ఆ లేకపోవుడు చూసి ఇంటికొచ్చి కడుపునిండ తిన్న. మళ్ల ఆదివారం మళ్ల భయం. చూడాల్నని ఉన్న మనిషి కనబడొద్దని మొక్కుకునుడు నాకు గదే మొదటిసారి.

కొన్నాళ్లకు ఆరోగ్యమ్మ లచ్చిరాంతోని కబురు పంపింది, జల్దీ రమ్మని. పుష్పలత ఫోన్ చేసిందంట. పిల్ల మంచిగనే తింటది, బడికి పోతది, కానీ ఆదివారం పొద్దువాలితే సంచి సర్దుకొని గేటు కాడ నిలబడతది. ఎంత బతిమాలినా చీకటి పడేదాక లోపలికి రాదు. "మాకు బిడ్డ కావాల్నంటే సరిపోతదా, బిడ్డకు మేం కావొద్దా" అని ఏడ్చిందంట. తిరిగి తెస్తమన్న మాట నోటిదాక వచ్చింది. "నువ్వొకసారి పోయి చూడు పెద్దాయనా. నీతోనే చెప్తది," అన్నది ఆరోగ్యమ్మ.

ఆదివారం తెల్లారి బస్సెక్కిన. ఖమ్మంల దిగి బస్సు మారిన. నన్ను చూసి సమ్మి ఉరికొచ్చింది. నూనె పెట్టి రెండు జడలు వేసిండ్రు, కొత్త గౌను, వాళ్లమ్మనే కుట్టింది. పుష్పలత కోడికూర వండింది. రామకృష్ణ "తిను పెద్దాయనా" అని నాలుగుసార్లన్నడు. మంచోళ్లు పుల్లమ్మా. గంత మంచోళ్ల కాడ కూడ బిడ్డ ఉండకపోతే ఎట్లనని నాకు ఇంకింత దిగులయింది.

పొద్దువాలింది. సమ్మి లోపలికి పోయి సంచి భుజానికేసుకొని వచ్చి నా వేలు పట్టుకున్నది. "టైమయింది తాతా, పోదాం పా. బెల్లు కొడ్తరు," అన్నది. ఏడుస్తలేదు. అలగలే. పోయే వేళయింది కాబట్టి పోతున్నది, గంతే. పుష్పలత కొంగు నోట్ల పెట్టుకొని లోపలికి పోయింది.

నాకు అప్పుడు సమజయింది. అది నేను నేర్పిన చదువే. "సంచి సర్దుకో బిడ్డా, టైమయింది" అని ప్రతి ఆదివారం అన్నది నేనే. సీతయ్య ఒక్కనాడు ఆలస్యం చెయ్యడని ఆరోగ్యమ్మ నా గురించి పదిమందిల అంటే మురిసిన. చుట్టాలంటే పొద్దుగాల వచ్చి బెల్లుకు దింపిపోయెటోళ్లని బిడ్డకు మేమంత కలిసి నేర్పినం. వీళ్లు కూడ దింపుతరనే చూస్తున్నది. ముందటోళ్ల కాడ కూడ గిట్లనే నిలబడ్డదేమో. వాళ్లు ఏమనుకున్నరో.

రామకృష్ణను పక్కకు పిలిచి చెప్పిన. "బిడ్డకు పోవాల్నని లేదయ్యా. ఆలస్యం చేస్తే మీకు మాటొస్తదని నిలబడుతున్నది." ఆయన లోపలికి పోయి పుష్పలతను తోల్కొచ్చిండు.

బిడ్డకు ఎట్ల చెప్పాలె? నువ్వయితే మాటలతోని చెప్తువు. నాకు మన ఇల్లు యాదికొచ్చింది. చుట్టం లేస్తే నువ్వు చెంబుతోని నీళ్లిస్తవ్, మూలమలుపు దాక పోయి సాగనంపి వస్తవ్. నేను లేచి, "పుష్పలతమ్మా, చుట్టం పోతున్నడు. మీ బిడ్డ చేతికి నీళ్ల చెంబియ్యి," అన్న.

సమ్మి చెంబు పట్టుకొని నన్ను చూసింది. "నేనెందుకు ఇయ్యాలె?"

"నేను చుట్టాన్ని. పోవాలె. నువ్వు ఈ ఇంటిదానివి. ఇంటోళ్లే సాగనంపాలె."

"మరి నా సంచి?"

"సంచి చుట్టానికి ఉండాలె. ఇంట్ల మనిషికి ఎందుకు?"

"రేపు కూడ ఇంటిదాన్నేనా?" అని నన్ను అడగలే, పుష్పలతను అడిగింది. ఆమె తలకాయ ఊపింది. "వచ్చే ఆదివారం?" మళ్ల ఊపింది. సమ్మి సంచిలున్న బట్టలు తీసి అరుగు మీద పెట్టింది. "సంచి నువ్వు తీస్కపో తాతా," అన్నది. నీళ్లు తాగిన. చెంబు తిరిగి దాని చేతికిచ్చిన. వాళ్లమ్మ, నాయన, అది, ముగ్గురు బస్సు కాడికొచ్చి సాగనంపిండ్రు. బస్సు కదిలేముందు కిటికీల నుంచి సంచిల పల్లికాయ పోసి, "అవ్వకు ఇయ్యి. ఈసారి అవ్వను తోల్కరా," అన్నది.

ఇగ దాచిన మాట చెప్పాలె. ఆ అవ్వవు నువ్వే.

అటక మీది తాండ్రకు చీమలు పట్టలేదని రాసిన గద. తాండ్ర ఉంటే గద పట్టుడు. ప్రతి ఆదివారం ఒక ముక్క, అవ్వ పంపిందని ఇచ్చిన. నీ మోకాలు నొప్పి తగ్గిందా అని కూడ అడుగుతది. నీకు తెల్వకుండ నీకొక మనుమరాలిని చేసిన. మీ చెల్లె కాలం చేసినంక దాని కొడుకు గోపాలును సాకినం, వాళ్ల నాయన వచ్చి తీస్కపోయిండు. ఆనాడు వాని కంచం కడిగి బోర్లించి, ఇంకొకరి బిడ్డను ఈ గడప తొక్కనియ్యనన్నవ్. నువ్వన్నది తప్పు కాదు. నాకు కూడ ఆనాడు అన్నం పోలే. అందుకే భయపడి అంగడికని చెప్పిన. కానీ ఈ బిడ్డ పోతే ఏడుపు రాలే పుల్లమ్మా. ఒక ఇంటికి పోవాల్నని నేను కోరుకున్న బిడ్డ పోయింది. గిట్ల కూడ ఉంటదని నాకు తెల్వదు.

నిన్న నేను ఆరోగ్యమ్మ కాడ ఉండంగనే పుష్పలత ఫోన్ వచ్చింది. గేటు కాడ నిలబడుడు బందయింది. పోయిన ఆదివారం రామకృష్ణ మేనమామ వచ్చిండంట. ఆయన ఇంక చెయ్యి కూడ కడగలే, సమ్మి నీళ్ల చెంబు తెచ్చి ముందర నిలబడ్డది. "టైమయింది, పోయిరా తాతా. నేను ఈ ఇంటిదాన్ని," అన్నదంట. పాపం ఆ ముసలాయన సగం విస్తరి మీద లేచిండంట. పుష్పలత ఫోన్ల నవ్వు ఆపుకోలేక చెప్పలేకపోయిందని ఆరోగ్యమ్మ అన్నది. ఆరోగ్యమ్మ కూడ చెప్పలేకపోయింది.

పల్లికాయ తినలే, నీకోసం పెట్టిన. సంచి దండెం మీద ఉన్నది. పురుడు గడిచి నువ్వొచ్చినంక ఇద్దరం ఒకసారి కుసుమంచి పోదాం. తిట్టేది బస్సుల తిట్టు. అక్కడ మాత్రం జల్దీ తిను, చెంబు వస్తది.

గోడ కాడ ఇంక పిల్లలున్నరు. వచ్చే ఆదివారం పోవాలె. ఈసారి చెప్పే పోతున్న.

ఇట్లు,
వనజ నాయన