ఎడమచేతి సంతకం

అన్నా,

కుండల అన్నం ఉంది. పచ్చిపులుసు గిన్నె మీద పళ్లెం బోర్లించిన. మామిడి తొక్కు సీసా మూత గట్టిగనే బిగించిన, గుండె రాయి చేసుకొని. సీసాను తొడల నడుమ పెట్టుకొని ఎడమచేత్తో తిప్పు, వస్తది. పక్కింటి ఉప్పలమ్మత్తను పిలువకు. చొక్కా గుండీలు కింది నుంచి మొదలుపెట్టు.

నా బస్సు తొమ్మిదింటికి. ఎల్లుండి బొంబాయిల ఆక్యుపేషనల్ థెరపీ పెద్ద చదువుకు ఇంటర్వ్యూ. సీటొస్తే రెండేండ్లు. ఆ సర్టిఫికెట్ చేతికొస్తేనే చెయ్యి దెబ్బతిన్న నీలాంటోళ్లకు మళ్ల పనులు నేర్పే కొలువు దొరుకుతదని నీకూ తెలుసు. అయినా అక్కడ ఇయ్యాల్సిన దరఖాస్తు మీద ఇంటి పెద్ద సంతకం పెట్టుమని నెల నుంచి అడిగితే "నాకు చెయ్యేడిది, పో" అన్నవ్. బొగ్గు బాయిల టబ్బు బండి కింద కుడిచెయ్యి నలిగినప్పటి నుంచి నీకు అన్నిటికీ వేలిముద్రే గదా. అందుకే నిన్న సాయంత్రం స్టూలు మీద దరఖాస్తు పక్కన ఇంకు ప్యాడు పెట్టిన.

పొద్దున లేచేసరికి నువ్వు డ్యూటీకి పోయినవ్. పోయొస్తనని నన్ను లేపలేదు. ప్యాడు మూత తీయనే లేదు. దరఖాస్తు మీద నీ పేరు పూర్తిగ ఉంది, వంకర టింకరగ, కాయితం చిరిగేటంత ఒత్తి.

డిగ్రీ అయి వచ్చిన కాడి నుంచి ఏడాదిగ నీ ఎడమచేతికి రాత నేర్పింది నేను. అది తనంతట తను మొట్టమొదట రాసింది నన్ను పొమ్మని.

– స్వరూప

సీసా మూత మళ్ల వదులు చేసిన. ఇయ్యాల ఒక్కరోజే.