ఎడమచేతి దుప్పటి

చెల్లికి,

ఆశీస్సులు అలవాటు కొద్దీ రాస్తున్నాను, మనసారా కాదు.

నిన్న గ్రంథాలయం హాల్లో చేతిపనుల ప్రదర్శనకు వెళ్లాను. క్రోషా సంచులు, ఊలు కుందేళ్లు, ఏనుగులు దాటుకుని చివరి బల్ల దగ్గర ఆగిపోయాను. గుండ్రటి దుప్పటి, బూడిదరంగు అంచు, కింద నీ పేరు, పైన మొదటి బహుమతి చీటీ. గెలిచినవాళ్లకే అక్కడ క్రోషా నేర్పే ఉద్యోగం ఇస్తారట. పక్కన నిలబడి నువ్వు నవ్వుతుంటే నాకు ఒళ్లు మండింది.

అది నాది. కుడిచేత్తో అల్లితే కుట్లన్నీ ఒకవైపు వాలతాయి, నావి అక్కడున్న దుప్పటిలో లాగే రెండోవైపు వాలతాయి. మన ఇంట్లో పుర్రచెయ్యి నా ఒక్కదానిదే. మూడేళ్ల కిందట మీ ఇంట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టాను ఆ దుప్పటిని. ఊలు ఉండలు కాళ్లకు అడ్డం పడుతున్నాయని మరిది అన్న ఒక్క మాటకు సంచి సర్దుకుని వచ్చేశాను. సగం అల్లిన దుప్పటి మీ సోఫా వెనకే ఉండిపోయింది. మిగతా సగం ఏ పుర్రచేతివాళ్లను వెతికి అల్లించావో గానీ, అతుకు కూడా కనపడలేదు.

చిన్నప్పుడు పక్కన చేరి తొంగిచూస్తుంటే సూదితో వేళ్లమీద కొట్టి నిన్ను లేపేసేదాన్ని. ఇంకో రెండు తగిలించాల్సింది. గ్రంథాలయం కార్యదర్శికి ఫిర్యాదు రాసిచ్చే వచ్చాను.

ఇంకా నీ అక్కనే, ఏం చేస్తాం.

*

అక్కకి,

నమస్కారం. బహుమతి చీటీ పీకేశారు. ఉద్యోగం ఆపేశారు. "మీ అక్కగారే చెప్పాక ఇంకేం మాట్లాడతామమ్మా" అంది కార్యదర్శి, అందరూ వింటుండగా. కడుపు నిండిందా?

దీంతోపాటు వచ్చిన పార్సిలు విప్పు. నీ సగం దుప్పటి అది. నువ్వు విసురుగా లేచినప్పుడు సూది ఏ కుట్టులో ఉందో ఇప్పటికీ ఆ కుట్టులోనే ఉంది. పురుగు పట్టకుండా ఏటా ఎండలో వేశాను తప్ప దాన్ని ముట్టుకోలేదు. హాల్లో ఉన్నది మొత్తం నేను అల్లింది.

నేను తినేదీ రాసేదీ కుడిచేత్తోనే. క్రోషా సూది మాత్రం ఎడమచేత్తో తప్ప పట్టుకోలేను, నీ చెయ్యి చూసి నేర్చుకున్నాను కాబట్టి. నువ్వు కొట్టి లేపిన ప్రతిసారీ వెళ్లి తలుపు సందులోంచి చూశాను. ఇన్నేళ్లలో నేను అల్లుతుంటే నువ్వు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఇక మా గుమ్మం ఎక్కకు.

చెల్లి.

*

చెల్లీ,

క్షమించమని అడగడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఇవాళ హాల్లో అందరి ముందు నిలబడి, నిన్ను దొంగ అన్న నోటితోనే తప్పు నాదని చెప్పాను. చీటీ మళ్లీ పెట్టారు. ఉద్యోగం నీదే, సోమవారం నుంచి రమ్మన్నారు. మీరే నేర్పారా అని కార్యదర్శి మెచ్చుకోలుగా అడిగింది. "లేదు. కొట్టినా నేర్చుకుంది" అన్నాను.

నా కోపం పూర్తిగా పోలేదు. అంచు నాకన్నా బాగా అల్లావు, అదొక కారణం. సగం దుప్పటి సూదితో సహా తిప్పి పంపుతున్నాను. మిగతాది నువ్వు అల్లు. అతుకు ఎవరికీ తెలియదు. నాకు మాత్రం తెలియాలి, నా చెయ్యి ఎక్కడ ఆగిందో.

నీ పుర్రచెయ్యి అక్క.