అట్టపెట్టెల కంపెనీలో మూడో డైరెక్టరు

వదినగారికి మీ మరదలు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఆయనకు చెప్పకుండా రాస్తున్నాను. చెబితే ఏమంటారో నాకు తెలియదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నాతో ఏమన్నా అంటేగా తెలిసేది.

కంపెనీలను నమోదు చేసే ఆఫీసు నుంచి మన అట్టపెట్టెల కంపెనీకి ఒక కవరు వచ్చింది. మనం ఇంతవరకు డైరెక్టర్ల మీటింగు రికార్డు ఒక్కటీ చూపలేదట. వచ్చే నెలాఖరులోగా మినిట్సు పుస్తకం డైరెక్టర్లందరి సంతకాలతో చూపకపోతే తమ జాబితాలోంచి కంపెనీ పేరు కొట్టేస్తారట. పేరు పోతే బూట్ల ఫ్యాక్టరీ వాళ్ళు మన పెట్టెలు తీసుకోరు. వాళ్ళు తీసుకోకపోతే ఇంటి వెనక షెడ్డుకు తాళం వేసుకోవాల్సిందే.

డైరెక్టర్లంటే ఆయన, నేను, మీరు. కంపెనీ పెట్టిన రోజు మీరు కాగితాలు తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టు" అంటే పెట్టాను. డైరెక్టరంటే సాక్షి అనుకున్నాను. మినిట్సు అంటే ఏమిటో, ఎలా రాయాలో దయచేసి చెప్పండి. మీకూ మీ తమ్ముడికీ మాటల్లేవని తెలుసు, అందుకే నేను అడుగుతున్నాను.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: ఆఫీసు ఉత్తరాన్ని ఆయన జిగురు డబ్బా కింద పెట్టారు. ఇప్పుడు డబ్బా ఎత్తితే ఉత్తరం కూడా లేస్తోంది. పోతుందన్న భయం లేదు.

*

మరదలికి ఆశీస్సులు.

నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల కలం పట్టిందంటే వ్యవహారం ముదిరిందన్నమాట. ఏం కంగారుపడకు. నేను పొద్దస్తమానం కంపెనీల లెక్కలే రాస్తాను, మినిట్సు అయితే కళ్ళు మూసుకుని రాస్తాను. ఖాళీ పుస్తకం ఒకటి వేరే పోస్టులో పంపుతున్నాను. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరేమన్నారు, ఏం తీర్మానించారు, అంతే. పేజీలకు నంబర్లుండాలి. చింపకూడదు, కొట్టివేతలుండకూడదు. పుస్తకం కంపెనీ చిరునామాలోనే, అంటే మీ ఇంట్లోనే ఉండాలి. మీటింగుకు వారం ముందు నోటీసు ఇచ్చినట్టు కూడా రాయాలి.

మావాడి సంగతి ఎత్తకు. నన్ను మాట మాత్రం అడక్కుండా ఆ పాత కటింగు మిషను కొన్నాడు. ఇదేమిట్రా అంటే "నా షెడ్డు, నా ఇష్టం" అన్నాడు. అప్పట్నుంచీ ఆ గుమ్మం తొక్కలేదు. అలాగని కంపెనీ పోతే ఊరుకోను, అందులో నా కష్టం కూడా ఉంది. నువ్వు రాసి ఉంచు, సంతకం నేను పెడతాను.

ప్రేమతో,
మీ వదిన

తా.క.: వాడి దగ్గు తగ్గిందా? నేను అడిగానని చెప్పకు.

*

వదినగారికి నమస్కారాలు.

పుస్తకం అందింది. మీరు చెప్పినట్టే చేశాను. ముందు నోటీసు రాసి, ఆయన తప్పకుండా చూసే చోటని అద్దానికి అంటించాను. వారం దాకా తీయకూడదు కదా. ఆయన మిగిలిన సగం అద్దంలోనే గడ్డం గీసుకున్నారు. వారం తిరిగేసరికి ఎడమ చెంప ఒక మనిషిది, కుడి చెంప ఒక మనిషిది అయింది.

మీటింగు షెడ్డులో అట్టల కట్టల మీద కూర్చుని జరిపాం. నేను రాసింది కింద ఎత్తి రాస్తున్నాను. చైర్మన్ అంటే ఆయనే.

"హాజరు: చైర్మన్ గారు, నేను. పిలవకుండా హాజరు: అత్తయ్య, తనకూ వాటా ఉందని. రానివారు: వదినగారు. చైర్మన్ గారు 'ఇదంతా ఏమిటి' అన్నారు. మీటింగు అని చెప్పడమైనది. చైర్మన్ గారి దగ్గు గురించి వదినగారు అడిగిన సంగతి సభ ముందు ఉంచడమైనది. 'ఆవిడకెందుకు' అన్నారు. అంటూనే దగ్గారు. 'నా కడుపున పుట్టినవాళ్ళిద్దరూ మొండిఘటాలే' అని అత్తయ్య అన్నారు. చైర్మన్ గారు కాదనలేదు కనుక ఏకగ్రీవం."

చెప్పొద్దన్నారని గుర్తుంది. కానీ డైరెక్టరు నుంచి డైరెక్టరుకు వచ్చిన ఉత్తరం కంపెనీ రికార్డే అవుతుంది కదా, దాచడం తప్పనిపించింది.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: ఆయన ఒక్క పూటలో ఇన్ని మాటలు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. ఇంకో మీటింగుకు నోటీసు అంటించాను. ఈసారి అద్దానికి ఎడమ పక్కన, రెండు చెంపలూ సమానమవుతాయని.

*

మరదలికి,

నిన్ను నిజంగా మీటింగు పెట్టమని ఎవరన్నారు తల్లీ? మినిట్సు రాయమన్నాను. "వ్యాపారం సమీక్షించారు, తృప్తి వెలిబుచ్చారు, ముగించారు." ఈ మూడు ముక్కలు నాలుగు తేదీలు మార్చి రాస్తే సరిపోయేది. హాజరులో నా పేరు కూడా వేసెయ్యి, ఎవరొచ్చి చూశారు?

అయినా "ఆవిడకెందుకు" అన్నాడా? చిన్నప్పుడు వాడు దగ్గుతుంటే తెల్లవార్లూ వీపు నిమిరింది ఎవరో అమ్మనడుగు. ఆ మిషను వంకరగా కోస్తుంది, పోయినేడు పెట్టెలకు మూతలు పట్టలేదు. ఆ మాట మాత్రం వాడితో చెప్పు.

మీ వదిన

తా.క.: ఇది నా సొంత ఉత్తరం. మీటింగులో పెట్టావంటే నీకూ నాకూ చెడుతుంది.

*

వదినగారికి నమస్కారాలు.

మీ సొంత ఉత్తరం మీటింగులో పెట్టలేదు. మీటింగు మొదలవకముందే అత్తయ్య నాచేత గట్టిగా చదివించుకున్నారు. మొదలయ్యాక ఆయన దానికి జవాబు చెప్పారు. అది మాత్రం రాయక తప్పలేదు. "మిషను వంకర కాదు, చూసిన కళ్ళు వంకర" అన్నారు. ఆ తర్వాత మూలమట్టం తెచ్చి ఒక్కొక్క అట్టనూ కొలుస్తూ కూర్చున్నారు. ఏం తేలిందో సభకు చెప్పలేదు.

హాజరులో మీ పేరు వేయలేకపోయాను, ఏమీ అనుకోకండి. మీరు వచ్చి ఉంటే నేనే పీట వేసేదాన్ని కదా. వేసిన గుర్తు లేదు. "తృప్తి వెలిబుచ్చారు" అని రాయడానికి ముందు ఆయన్ని అడగాలనిపించి, తృప్తిగా ఉందా అన్నాను. అట్టల వైపు చూస్తూ, "నువ్వు మాట్లాడుతుంటే బాగుంది" అన్నారు. ఇది కంపెనీ వ్యవహారం కాదనుకుని పుస్తకంలో రాయలేదు. తప్పయితే చెప్పండి.

సంతకాల గడువు దగ్గర పడుతోంది. పుస్తకం ఇల్లు దాటకూడదన్నారు కదా. మీరే ఒకసారి వచ్చి సంతకం పెడితే బాగుంటుంది.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: పీట కడిగి ఆరబెట్టాను.

*

కంపెనీ వారికి,

కళ్ళు వంకరా? సరే. డైరెక్టరు పదవికి ఇదే నా రాజీనామా. పుస్తకంలో ఎక్కించుకోండి, గట్టిగా చదువుకోండి, అద్దానికి అంటించుకోండి. నేను రాను. సంతకం కోసం నా గుమ్మం దగ్గరికి ఎవరినీ పంపవద్దు. నెలాఖరుకు కంపెనీ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

ఇట్లు,
ఒకప్పటి డైరెక్టరు

తా.క.: మరదలా, వాడు నిజంగా "బాగుంది" అన్నాడా? మావాడేనా?

*

వదినగారికి నమస్కారాలు.

మీ రాజీనామా అందింది. మర్నాడు పుస్తకం సంచిలో పెట్టుకుని ఆ ఆఫీసుకు నేనే వెళ్ళాను. ఇల్లు దాటించకూడదని తెలుసు, కానీ చూపమన్నదే వాళ్ళు. కౌంటరు వెనక కళ్ళజోడు ఆయన మొదటి పేజీ చదివి పక్క బల్ల ఆయన్ని పిలిచారు. రెండో పేజీకి వచ్చేసరికి పని చేస్తున్నవాళ్ళు ఎవరూ కనిపించలేదు, అందరూ ఆయన భుజం మీంచి చదువుతున్నారు. నవ్వడం అయ్యాక ఆయన మన కంపెనీ ఫైలు తీశారు. ముగ్గురు డైరెక్టర్లూ కూర్చుంటేనే మీటింగు చెల్లుతుందని మన నిబంధనల్లో ఉందట. తమ్ముడు ఒక్కడే ఏదీ తేల్చేయకూడదని అప్పట్లో మీరే రాయించారట కదా.

"ఈ రెండూ మీటింగులు కావమ్మా" అన్నారు కౌంటరు ఆయన.

మరి వాటిలో అనుకున్న మాటల సంగతేమిటని అడిగాను. నేనే అడిగాను వదినగారూ, నలుగురు మగవాళ్ళ ముందు.

"జరగని మీటింగులో ఎవరూ ఏమీ అననట్టే" అన్నారు.

ఆ మాట ఆయనచేత రెండోసారి కూడా చెప్పించుకున్నాను. ముగ్గురూ కూర్చున్న మీటింగు ఒక్కటి, మూడు సంతకాలతో గడువులోగా చూపితే ఈసారికి పేరు ఉంచుతామన్నారు. మీ రాజీనామా సంగతీ అడిగాను. మన నిబంధనల ప్రకారం దాన్ని మీటింగులో పెట్టాలన్నారు. మీటింగు జరగాలంటే మీరుండాలి. కాబట్టి మీరు కంపెనీలోంచి వెళ్ళిపోవాలన్నా ముందు రావాలి.

ఇంటికొచ్చి మీ తమ్ముణ్ణి అట్టల కట్ట మీద కూర్చోబెట్టి, తను "ఆవిడకెందుకు" అననేలేదు, "కళ్ళు వంకర" అని కూడా అనలేదు అని చెప్పాను. ఎడమ చెంప నిమురుకుంటూ విన్నారు. "అక్క కూడా నన్నేమీ అననట్టేనా?" అన్నారు. మీటింగు జరగలేదు కాబట్టి అననట్టేనన్నాను. "మీటింగు ఇక్కడే జరగాలా?" అని కూడా అడిగారు. ఆ సంగతి కూడా కనుక్కునే వచ్చాను. పుస్తకం ఉండాల్సిన చోటు మనిల్లే గానీ, మీటింగు డైరెక్టర్లకు వీలైన చోట ఎక్కడైనా పెట్టుకోవచ్చట.

నోటీసు ఇందులోనే జతచేశాను. చోటు: మీ ఇంటి ముందు గది. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం, పొద్దున. చేతిరాత ఆయనదే. పైన "డైరెక్టరు గారికి" అని రాసి, కొట్టేసి, "అక్కకి" అని రాశారు. కొట్టివేతలుండకూడదని మీరు చెప్పారు. ఈ ఒక్కదానికి ఆ నిబంధన వర్తించదని నేనే తీర్మానించాను.

ఇట్లు,
మీ మరదలు, డైరెక్టరు

తా.క.: ఆ రోజు మీరు తలుపు తీయకపోతే మీటింగు అదే చోటికి, అదే వేళకు, మరుసటి వారానికి వాయిదా పడుతుందట. అలా ఎన్ని వారాలైనా మాకు వీలే. అత్తయ్య మాత్రం వారం వారం ఇంత దూరం వెళ్ళి రావడం దండగ, తలుపు తీసేదాకా మీ అరుగు మీదే ఉంటానని బట్టలు సర్దుకున్నారు.