యోపి ప్రయాణం గురించి

బాందా సముద్రం నడుమ దీవి, ఆటుపోట్ల కొలత కేంద్రం నుంచి

హెర్మినా అమ్మగారికి నమస్కారాలు.

ఆఫీసు నుంచి మీరు పంపిన కొత్త కంప్యూటర్ చేరింది. పాతదాని హార్డ్ డిస్కు తీసి ఇందులో పెడితే, అసలు డిస్కే లేదని చూపించింది. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టమని మీరు రాశారు. పదకొండేళ్ల కొలతలు అందులోనే ఉన్నాయి కనుక నాకు చేతులు రాలేదు. అందుకే మెకానిక్‌ను పంపమని అడిగాను.

నిన్న ఆ మెకానిక్ యోపి రేడియోలో మాట్లాడాడు. పాత కంప్యూటర్‌లో డిస్కు ఎలా విభజించి ఉండేదో అతనికి చెప్పాను.

"డిస్కుని ఏం చేశావన్నా? లోపలి జాగాని ఏడు ముక్కలు కోసి, మిషన్ మొదలవడానికి ముందుండాల్సిన ముక్కని తీసుకెళ్లి చిట్టచివర పెట్టావు. కొత్త మిషన్‌ని మొదలుపెట్టే ఫర్మ్‌వేర్‌కి నీ లెక్క ఎలా తెలుస్తుంది?"

"వానాకాలంలో ఏమీ తోచక కోశాను" అన్నాను.

అతను చాలాసేపు నవ్వాడు. తర్వాత ఫర్మ్‌వేర్‌ను పాత పద్ధతికి మార్చడం ఎలాగో చెప్పాడు. మార్చగానే కంప్యూటర్ నడిచింది. కొలతలన్నీ భద్రంగా ఉన్నాయి, నకలు కూడా తీశాను.

"ఇంక నేను రానక్కర్లేదులే అన్నా" అని యోపి రేడియో కట్టేశాడు.

అమ్మగారూ, దయచేసి అతని ప్రయాణం రద్దు చేయకండి. డిస్కును సరిగ్గా విభజించడానికి వస్తున్నాడని కారణం రాసుకోండి. ఆ పని నేనూ చేయగలను. కానీ నాతో పనిచేసిన మత్తియాస్ బదిలీ అయ్యి నాలుగు నెలలైంది. ఇన్నాళ్లలో నా మాటకు ఒక మనిషి నవ్వడం నిన్ననే విన్నాను.

తిండికి సాగో చెట్టు పిండి ఉంది, చేపలు నేను పడతాను. మత్తియాస్ మంచం ఖాళీగానే ఉంది. పడవ వారానికొక్కసారే కదా, వచ్చినవాడు వెంటనే వెళ్లిపోలేడు.

ఇట్లు,
కేంద్రం పరిశీలకుడు