చెవి అంచు

అత్తమ్మా,

నువ్వు చనిపోయి మూడు నెలలైంది. నీ మనవడికి ఆరో నెల నిండింది. ఎర్రగా పుట్టిన ఒళ్లు నీ కొడుకు రంగుకొచ్చింది. నిన్న ఆయన మిర్యాలగూడ మిల్లు నుంచి వచ్చి, "నా రంగే వచ్చిందే!" అంటూ వాణ్ణి మొదటిసారి ఎత్తుకున్నాడు.

పెన్‌పహాడ్‌లో పసిపిల్లలందరికీ నువ్వే స్నానం పోసేదానివి. ప్రతి తల్లికీ చెప్పేదానివి: "ఒళ్లు సూడకు, చెవి అంచు సూడు. ఆర్నెల్లకు గదే రంగొస్తది."

పురుటి స్నానం నాడు వీడి చెవి కూడా మడిచి చూశావు. అప్పుడే నీ కొడుకు, "మనింట్ల గింత ఎర్రగ ఎవరున్నరు?" అని నన్నడిగి, గడప దాటి వెళ్లిపోయాడు. నువ్వు తలెత్తకుండా నీళ్లు పోస్తూనే ఉన్నావు.

ఇవాళ నేనే స్నానం పోశాను. వాడి ఒళ్లంతా మారింది. చెవి అంచు మాత్రం ఆనాడు నువ్వు చూసినట్టే, నీ కొడుకు రంగులోనే ఉంది.