అక్రోటు బల్ల కోయలేదు

ఆత్మకూరు, 16-4-55.

నాయనకు పెంచలనరసయ్య దండాలు. ఆఫీసులో నా వడ్రంగి పని పోయిందని మునెయ్య వచ్చి చెప్పి ఉంటాడు. నిజమే, బెంగ పెట్టుకోవద్దు.

మీటింగుల కోసం మద్రాసు నుంచి పెద్ద అక్రోటు చెక్క బల్ల తెప్పించారు. చుట్టూ పద్దెనిమిది మంది కూర్చోవచ్చు. పైపలకలో అతుకు ఎక్కడుందో నా వేలికి కూడా దొరకలేదు. అది మీటింగు గది ద్వారంలో పట్టలేదు. హెడ్ గుమాస్తా నన్ను పిలిచి, "నడిమికి కోసెయ్, లోపల అతికిద్దువు" అన్నాడు.

"కోసేదేంది సార్? కాళ్లు విప్పి, కిటికీ చట్రం తీస్తే లోపలికి పోతాది" అన్నాను.

"ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవోడివి, బల్లల సంగతి నీకేం తెలుసు? కోస్తావా, పోతావా?"

"మా నాయన రంపం ఇచ్చింది ఇట్టాంటి దాన్ని పాడుచేసేదానికి కాదు. నేను కోయను, ఇంకొకర్ని కోయనీను" అని బల్లకు అడ్డంగా నిలబడ్డాను. సాయంత్రం ఆఫీసరు వచ్చి, నేను చెప్పినట్టే చేయమన్నాడు. ఎనిమిది మందిమి కిటికీలోంచి దించాం. గీత కూడా పడలేదు. ఎదురు చెప్పినందుకు హెడ్ గుమాస్తా మరునాడే నన్ను తీసేశాడు.

అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెక్క చెక్కే చిన్న బాడిస ఉదయగిరి బస్సులో పంపండి, ఇక్కడ ఒక ఇంటికి తలుపులు చేసే పని దొరికింది.

క్షమాపణ రాసిస్తే మళ్లీ పెట్టుకుంటానని హెడ్ గుమాస్తా నిన్న కబురు చేశాడు. రాసేదానికి నా దగ్గరున్న పోస్టు కార్డు ఇదొక్కటే. దీన్ని మీకే రాశాను. అమ్మకు, అవ్వకు దండాలు చెప్పండి.